ఊపిరి ఆగిందంటే మనిషి పోయినట్టు కాదు

వైల్డర్‌నెస్ మెడిసిన్, అంటే అడివి వైద్యం, అనంగనే మనోళ్లకు ఎవరెస్టు, మంచు, ఆక్సిజన్ సిలిండర్లు యాదికొస్తయి. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న, 14 ఏళ్లు కూడా నిండకముందే ఎవరెస్టు ఎక్కింది కాబట్టి ఆ మంచు కూడా మనకు మరీ పరాయిదేం కాదు. కానీ ఆ చదువు చదివినోళ్లు మామూలుగ చెప్పే లెక్కల మంచు లేదు, కొండ లేదు. సరైన వైద్యం దొరికే చోటుకు చేరడానికి గంట కంటే ఎక్కువ పడితే చాలు, నువ్వు వాళ్ల లెక్కల అడివిల ఉన్నట్టే. ఆ లెక్కన వాజేడు అవతలి గూడేలు, తాడ్వాయి అడివిల గుత్తికోయల గుంపులు, వానాకాలంల భూపాలపల్లి జిల్లా పలిమెల, మహాముత్తారం దిక్కు ఊర్లు, అన్నీ వస్తయి. ఆదివారం బొగత జలపాతం చూద్దామని హన్మకొండ నుంచి కార్లల్ల బయల్దేరే ఫ్యామిలీలు గూడ వస్తయి, 140 కిలోమీటర్ల దాకా ఉంటది, ముళ్లకట్ట బ్రిడ్జి దాటినంక వెంటిలేటర్ ఉన్న బెడ్డు కావాలంటే మళ్ల వెనక్కి వరంగల్ రావాలె లేకపోతే భద్రాచలం దిక్కు పోవాలె.

నేను స్టాఫ్ నర్సును. ములుగు ఏజెన్సీల ఒక పీహెచ్‌సీల చేసి ఇప్పుడు వరంగల్‌ల ఎమర్జెన్సీ వార్డుల చేస్తున్న. అంటే అక్కడ అంబులెన్సు ఎక్కించి పంపిన, ఇక్కడ అంబులెన్సు నుంచి దింపుకుంటున్న. రెండు దిక్కుల నుంచి చూసినంక నా మనసుల గట్టిగ నాటుకున్న విషయం ఒక్కటే, అది చెప్దామనే ఈ పోస్టు. మన ఏరియాల మనుషుల్ని తొందరగ తీసుకపోయే మూడు ఆపదలు, కట్లపాము, పిడుగు, వాగు, ఈ మూడిట్ల ఎక్కువగ ప్రాణం తీసేది ఊపిరి ఆగుడే. చాలాసార్లు గుండె ఇంకా కొట్టుకుంటనే ఉంటది లేదంటే మళ్ల కొట్టుకోనీకి రెడీగ ఉంటది. పక్కన ఉన్నోళ్లు కొన్ని నిమిషాలు, కొన్నిసార్లు కొన్ని గంటలు, ఆ మనిషి బదులు ఊపిరి పోస్తే బతికే మనిషి. అది తెల్వక, ఊపిరి ఆగంగనే అయిపోయింది అనుకొని ఏడుపు మొదలుపెడుతున్నం.

కట్లపాము సంగతి వివరంగ చెప్త, ఎందుకంటే దీంట్లనే ఎక్కువ మోసం ఉన్నది. రక్తపింజర కుడితే తెలుస్తది, మంట, వాపు, చిగుళ్ల నుంచి రక్తం, మూత్రంల రక్తం. నాగుపాము అయినా నొప్పి, వాపు చాలావరకు ఉంటయి. కట్లపాము రాత్రిపూట ఇంట్లకు వచ్చి నేల మీద పండుకున్నోళ్లను కుడుతది, కుట్టిన కాడ నొప్పి ఉండదు, వాపు ఉండదు, చాలాసార్లు గాటు గూడ కనపడదు. నిద్రల చీమ కుట్టిందనుకొని పక్కకు తిరిగి పండుకుంటరు. తెల్లారుజామున కడుపుల నొప్పి, వాంతి, గొంతుల ఏదో అడ్డం పడ్డట్టు. రాత్రి తిన్నది పడలేదని వాము నీళ్లు తాపిస్తరు. అటెన్క కనురెప్పలు వాలుతయి, నిద్ర సరిపోలేదేమో అనుకుంటరు. మాట ముద్దగ అయితది, ఉమ్మి మింగరాదు, మెడ నిలవదు, ఆఖరికి ఛాతి కండరాలు పనిచెయ్యవు. వానాకాలంల తెల్లారుజామున ఎవరన్న కడుపునొప్పి అని, రెప్పలు ఎత్తలేకపోతున్న అని చెప్తే పాము చూసినా చూడకపోయినా కట్లపామే అనుకొని బయల్దేరాలె, ఇది నేను ఎన్నిసార్లయినా చెప్త.

లోపల ఏమైతదంటే, నరం నుంచి కండరానికి పోవాల్సిన కబురు మధ్యల తెగిపోతది. నాగుపాము విషం కండరం దిక్కు తలుపు మూసేస్తది, కట్లపాము విషం అది గాక నరం కొసనే పాడు చేస్తది, ఆ కొసలు మళ్ల బాగు కావాలంటే రోజులు పడుతది. మనకు దొరికే యాంటీ వీనమ్, అంటే పాము విషానికి విరుగుడు మందు, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ పనిచేసేటట్టు తయారైంది, రక్తంల తిరుగుతున్న విషాన్ని అది పట్టుకుంటది, కానీ అప్పటికే పాడైన నరం కొసను అది బాగు చెయ్యదు. నాగుపాము అయితే నియోస్టిగ్మిన్ ఇంజక్షన్ కొంత ఆసరా, కట్లపాముకు దాన్ని అంతగ నమ్మలేం. కాబట్టి మందు పడినంక గూడ ఆ మనిషికి ఎవరో ఒకరు ఊపిరి పొయ్యాలె, ముందు చేతులు, తర్వాత మెషీను. ఈ టైంల పేషెంటును చూస్తే శవంలెక్కనే ఉంటడు. కండ్లు తెరువడు, గిచ్చితే కదలడు, టార్చ్ వేస్తే కంటిపాప గూడ కదలకపోవచ్చు. కానీ లోపల మెదడు పనిచేస్తనే ఉంటది, చెవులకు వినపడుతనే ఉంటది. కోలుకున్నంక మంచం చుట్టూ ఎవరు ఏం మాట్లాడిన్రో చెప్పినోళ్లు ఉన్నరు. అందుకే నేను ఊపిరి పోస్తున్నంత సేపు పేషెంటుతోటి మాట్లాడుత, భయపడకు, మేం ఉన్నం, ఊపిరి మేం ఇస్తున్నం, నువ్వు ఊరుకో అని.

ఏజెన్సీల ఉన్నప్పుడు ఒక పొద్దు ఒక పిల్లను నులకమంచం మీద మోసుకొచ్చిన్రు. ఎనిమిదో తొమ్మిదో చదువుతుండొచ్చు. నాయిన, మేనమామ, ఇంకిద్దరు, వాగు దాటి వచ్చిన్రు, మోకాళ్ల దాకా బురద. రెప్పలు వాలినయి, నోట్ల నుంచి ఉమ్మి కారుతుంది. పాము గిట్ల కుట్టిందా అంటే లేదన్నరు, పసరు మందు ఇచ్చే వడ్డె (గూడెం పూజారి) దగ్గరికి పోయి వచ్చిన్రు అప్పటికే, పసరు పోసిండట, మింగలేకపోయింది. డాక్టర్ గారు యాంటీ వీనమ్ ఎక్కియ్యడం మొదలుపెట్టిన్రు, సీసాలు ఎక్కుతుండంగనే ఊపిరి చిన్నగైపోయింది. అంబు బ్యాగు, అంటే చేత్తోటి పిసికి ఊపిరి పోసే సంచి, పెట్టి పిసుకుడు షురూ చేసినం. 108 వచ్చింది, బండిల నేను, అంబులెన్సుల వైద్యం చూసే ఈఎంటీ తమ్ముడు, పిల్ల నాయిన. నేను రెండు చేతులతోటి మాస్కు మొకానికి అదిమి దవడ ఎత్తి పట్టుకున్న, తమ్ముడు బ్యాగు పిసుకుతుండు, తమ్ముడు సెలైన్, మిగిలిన మందు చూసుకోవాల్సి వచ్చినప్పుడు బ్యాగు ఆ నాయిన చేతుల పెట్టిన. "అన్నా, నేను ఊ అన్నప్పుడల్ల ఒక్కసారి పిసుకు, మెల్లగ, బిడ్డ ఛాతి లేస్తే చాలు" అని చెప్పిన. ఆయన "సిస్టరమ్మా, గట్టిగ వత్తాల్నా" అని ఒక్కసారి అడిగిండు, అంతే, ఇంక ములుగు దాటే దాక ఆ లెక్క తప్పలేదు. తునికాకు కట్టలు కట్టిన చేతులవి. ఆ పిల్ల వరంగల్‌ల వెంటిలేటర్ మీద కొన్ని రోజులు ఉండి నడుచుకుంట ఇంటికి పోయింది.

ఆ నాయిన ఏ ట్రైనింగ్ తీసుకోలేదు. ఇది ఎందుకు చెప్తున్ననంటే, మామూలు మనుషులు చేతులతోటి గంటలకొద్ది ఊపిరి పొయ్యొచ్చు అనేది నా ఒక్కదాని అనుభవం కాదు, చరిత్రల పెద్దగ నడిచింది. 1952ల డెన్మార్క్ కోపెన్‌హాగన్‌ల పోలియో విజృంభించింది, బ్లెగ్డామ్ అనే ఆస్పత్రికి ఛాతి కండరాలు పడిపోయిన పేషెంట్లు, ఎక్కువ పిల్లలే, రోజూ గుంపులు గుంపులుగ వస్తున్నరు, వచ్చినోళ్లల్ల చాలామంది చనిపోతున్నరు, మెషీన్లు చూస్తే చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టర్ గొంతుకు రంధ్రం పెట్టించి అందుల నుంచి రబ్బరు సంచితోటి చేత్తోటి ఊపిరి పోసి చూపించిండు. తర్వాత దాదాపు 1500 మంది మెడికల్, డెంటల్ స్టూడెంట్లు షిఫ్టులు వేసుకొని, రాత్రి పగలు, వారాలకొద్ది ఆ సంచులు పిసికిన్రు. చావులు సగానికి సగం కంటే ఎక్కువ తగ్గినయి. ఇయ్యాల ప్రపంచంల ఉన్న ఐసీయూలకు పునాది ఆ వార్డే అంటరు. మనం వాడే అంబు బ్యాగు గూడ ఆ దేశందే, 1956ల అమ్మకానికి వచ్చింది, దానంతట అది ఉబ్బుతది కాబట్టి సిలిండర్ లేకున్నా బయటి గాలితోటే పనిచేస్తది. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. అడివికి ఇంతకన్న సరిపోయే మెషీను నాకు కనిపియ్యలే.

ఇంకొక సంగతి, ఇది చదివినప్పుడు నేను ఆశ్చర్యపోయిన. నోటితోటి నోట్లకు ఊపిరి ఊదుడు పనిచేస్తదని గట్టిగ నిరూపించింది పీటర్ సఫర్ అనే డాక్టర్, అమెరికా బాల్టిమోర్‌ల, 1950ల చివర్ల. ఎట్ల నిరూపించిండంటే, ముందుకొచ్చిన వాలంటీర్లకు మత్తిచ్చి, క్యురారే లాంటి మందుతోటి కండరాలన్నీ పడిపోయేటట్టు చేసి, వాళ్లకు మామూలు జనం చేత నోటితోటి ఊపిరి పోయించిండు. క్యురారే అంటే దక్షిణ అమెరికా అడివి జనం బాణాలకు పూసుకునే విషం, అది కండరం దిక్కు ఏ తలుపు మూస్తదో నాగుపాము విషం గూడ అదే తలుపు మూస్తది. అంటే సీపీఆర్‌ల (ఛాతి నొక్కి, ఊపిరి ఊది మనిషిని నిలబెట్టే పద్ధతి) ఊపిరి భాగం పుట్టిందే పాము కుట్టిన మనిషి అసొంటి ఒంటి మీద! అట్లాంటిది పాములున్న మన దగ్గరనే ఆ భాగాన్ని వదిలేస్తున్నం.

వదిలేస్తున్నం అని ఎందుకంటున్ననంటే, 2023 నుంచి మన రాష్ట్రంల సీపీఆర్ ట్రైనింగులు పెద్ద ఎత్తున నడిచినయి, పోలీసులు, కార్పొరేషన్ సిబ్బంది, కాలేజీ పిల్లలు, చాలామంది నేర్చుకున్నరు, మంచి పని, జిమ్ముల, బస్టాండుల కుప్పకూలిన మనుషుల్ని కానిస్టేబుళ్లు బతికించిన వీడియోలు మనందరం చూసినం. కానీ జనానికి ఎక్కింది ఛాతి నొక్కుడు ఒక్కటే. గుండెపోటుతోటి హఠాత్తుగ పడిపోయినోళ్లకు అది సరిపోతది, ఎందుకంటే పడిపోయేనాటికి వాళ్ల రక్తంల ఆక్సిజన్ ఇంకా ఉంటది, నొక్కితే అది మెదడుకు అందుతది. వాగుల నుంచి తీసిన పిల్లగానికి, కట్లపాము కుట్టినోళ్లకు రక్తంల ఆక్సిజన్ అప్పటికే అయిపోయి ఉంటది, ఎంత నొక్కినా పోయేది ఖాళీ రక్తమే. హైదరాబాద్ మెట్రో స్టేషన్ల నేర్పే పాఠం, ఏటూరునాగారం సంతల నేర్పే పాఠం ఒకటే కావద్దు. ఇది నా గట్టి అభిప్రాయం.

పిడుగు గురించి. పత్తి చేన్ల, నాట్లు వేసేకాడ, గొర్లు మేకలు కాసేకాడ, వాన రాంగనే చెట్టు కిందికి ఉరికినోళ్ల మీద పడుతది. పిడుగు కరెంటు గుండెను ఒక్క దెబ్బకు ఆపేస్తది, కానీ గుండెకు తనంతట తాను మళ్ల మొదలయ్యే గుణం ఉంది, చాలామందిల అది మళ్ల కొట్టుకోవడం షురూ చేస్తది. ఊపిరిని నడిపే మెదడు భాగం మాత్రం ఇంకా చాలాసేపు మొద్దుబారే ఉంటది. ఆ సందుల ఎవ్వరూ ఊపిరి పోయకపోతే, మళ్ల మొదలైన గుండె ఆక్సిజన్ లేక రెండోసారి ఆగుతది, ఆ రెండోసారి ఆగుడే చావు. అందుకే పిడుగు పడ్డకాడ నలుగురు పడి ఉంటే ముందు పోవాల్సింది కదలకుండ, ఊపిరి లేకుండ పడి ఉన్న మనిషి దగ్గరికి. మామూలు యాక్సిడెంట్ల దీనికి ఉల్టా చేస్తం, అరుస్తున్నోళ్లను, రక్తం కారుతున్నోళ్లను ముందు చూసుకుంటం. పిడుగుల మూలుగుతున్నోళ్లు, కాళ్లు రావట్లేదని ఏడుస్తున్నోళ్లు ఎక్కువశాతం బతుకుతరు, ఆ చచ్చుబడ్డ కాళ్లు గూడ చాలామందికి కొన్ని గంటల్ల మళ్ల వస్తయి. ముట్టుకుంటే మనకు షాక్ కొడుతదని దూరం నిలబడతరు జనం, అదేం ఉండదు, ఒంట్లె కరెంటు మిగలదు, వెంటనే ముట్టుకోవచ్చు. ఉరుము, మెరుపు మధ్య 30 సెకండ్ల కంటే తక్కువ ఉంటే పక్కా ఇంట్లకో కారు లోపలికో పోవాలె, ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు బయటికి రావద్దు, ఈ రెండు ముప్పైలు కైకిలి పోయే ప్రతి అక్కకూ తెల్వాలె.

ఇక నీళ్లు. బొగత, లక్నవరం, ముత్యంధార, రామప్ప చెరువు, గోదావరి రేవులు, ఎండాకాలం సెలవులల్ల ఈతకు పోయే పిల్లలు. నీళ్లల్ల నుంచి తీయంగనే మనోళ్లు చేసే పని కాళ్లు పట్టి తలకిందులు చేసుడు, భుజం మీద వేసుకొని ఉరుకుడు, కడుపు వత్తి నీళ్లు కక్కిచ్చుడు. ఆ నీళ్లు కడుపులయి, ఊపిరితిత్తులల్లయి కావు, కడుపు వత్తితే అవి పైకొచ్చి ఊపిరి దారిలకు పోతయి. ఆ రెండు నిమిషాలే ఆ పిల్లగాని బతుకు. వెల్లకిల పండుకోబెట్టి, తల వెనక్కి వాల్చి, గదమ ఎత్తి, ముక్కు మూసి ముందు ఊపిరి ఊదాలె, అమెరికా గైడ్‌లైన్ రెండు అంటది, యూరప్‌ది ఐదు అంటది, ఏదైనా సరే, ముందు ఊపిరి. తర్వాత 30 సార్లు ఛాతి నొక్కి 2 సార్లు ఊపిరి, అట్లనే ఆపకుండ. నురుగు వస్తుంటే తుడుచుకుంట కూర్చోవద్దు, దాని మీదికెల్లే ఊదాలె. వాంతి అయితే మాత్రం పక్కకు తిప్పి నోరు సాఫ్ చేసి మళ్ల.

2023 జూలై 27 మనం ఎవ్వరం మర్చిపోం. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల 24 గంటల్ల 649.8 మిల్లీమీటర్ల వాన, తెలంగాణల ఎన్నడూ అంత పడలేదు. మోరంచపల్లె జనం ఇండ్ల కప్పుల మీద, చెట్ల మీద ఉన్నరు, కొండాయి ఊరిని జంపన్నవాగు ముంచింది, మనుషుల్ని తీసుకపోయింది. హెలికాప్టర్లు వచ్చినయి, పడవలు వచ్చినయి, కానీ తెల్లారే దాక ఎవరి పక్కన ఎవరుంటే వాళ్లే డాక్టరు, వాళ్లే నర్సు. అసొంటి రాత్రి 108కు ఫోన్ కలిసినా బండి వాగు అవతలి ఒడ్డునే ఆగుతది, దాంట్ల వాళ్ల తప్పేం లేదు. ఆ అవతలి ఒడ్డుకు చేరే దాక మనిషిని నిలబెట్టుడే నేను చెప్తున్న ఈ వైద్యం. ఇంకో మాట, నీళ్లు చల్లగ లేవు కదా అనుకుంటరు గానీ, రాత్రంత తడిబట్టలతోటి గాలిల కూసుంటే మన వానలల్ల గూడ ఒళ్లు వేడి ప్రమాదంగ పడిపోతది, ముసలోళ్లకు, పసిపిల్లలకు ముందు. తడిబట్ట తీసేసి పొడిది, ఏదీ లేకపోతే యూరియా సంచుల లోపలుండే ప్లాస్టిక్ కవరు అయినా చుట్టాలె, ఒకరికొకరు ఆనుకొని కూసోవాలె.

ఇప్పుడు నిజం నిజంగ చెప్పాల్సింది ఒకటి ఉన్నది. గుండె కొట్టుకుంటూ ఊపిరి మాత్రమే ఆగిన మనిషికి గంటలకొద్ది ఊపిరి పోసి ఆస్పత్రికి చేర్చొచ్చు. గుండె గూడ ఆగిపోతే, దగ్గర్ల షాక్ ఇచ్చే మెషీను లేకపోతే, అడివి బాటల నడుచుకుంట ఛాతి నొక్కుడు కుదరదు. అరగంట గట్టిగ సీపీఆర్ చేసినా ఏ కదలిక లేకపోతే బతికే ఆశ చాలా తక్కువ, అడివి వైద్యం గైడ్‌లైన్లు గూడ ఇంచుమించు అదే చెప్తయి, పిడుగు, నీళ్లు, బాగా చల్లబడ్డ ఒళ్లు, వీటిల్ల మాత్రం ఇంకా ఎక్కువసేపు ప్రయత్నం చెయ్యమంటయి. మెడ పక్కన నాడి చూసుడు ట్రైనింగ్ లేనోళ్లకు కష్టం, 10 సెకండ్లు చూసి దొరకలేదా, డౌట్ ఉందా, రెండూ చెయ్యండి, ఛాతి నొక్కుడు, ఊపిరి ఊదుడు. పాము కుట్టినోళ్ల కాడ మాత్రం ఎవ్వరూ తొందరపడి చనిపోయిండని చెప్పొద్దు, ఇంటికి తీసుకపోవద్దు. ఈసీజీ తీసేదాక ఆ మాట ఎవరి నోటి నుంచీ రావద్దు.

ఊపిరి ఇంకా నడుస్తున్న పాము పేషెంటును తరలించే తీరు గూడ చాలా ముఖ్యం. వెల్లకిల పండుకోబెడితే మింగరాని ఉమ్మి గొంతులకు పోయి అక్కడనే ఊపిరి ఆగుతది, కాబట్టి ఎడమపక్కకు తిప్పి, నోరు కిందికి ఉండేటట్టు. నడిపియ్యొద్దు. కుట్టిన కాలో చెయ్యో కట్టెతోటి, తువ్వాలతోటి విరిగిన ఎముకకు కట్టినట్టు కదలకుండ కట్టాలె, వదులుగనే. బిగించి తాడు కట్టుడు, బ్లేడుతోటి కోసుడు, నోటితోటి పీల్చుడు, మూడూ వద్దు. ఇప్పటికే ఎవరన్న తాడు బిగించి ఉంటే బాటల తెంపొద్దు, ఆస్పత్రిల మందు రెడీగ పెట్టుకొని తీస్తరు, ఒక్కసారే వదిలితే ఆగిన విషం ఒక్కసారే లోపలికి పోయే ప్రమాదం ఉన్నది. అంబులెన్సు రాని జాగల బైకు తప్పదు, దాంట్ల నామోషీ ఏం లేదు, నేపాల్ తెరాయి ఊర్లల్ల వాలంటీర్లు బైకుల మీదనే పాము పేషెంట్లను తీసుకపోతే చావులు బాగ తగ్గినయి. పేషెంటును నడుమ కూసోబెట్టి, వెనక కూసున్నోళ్లు తల వాలిపోకుండ గదమ పట్టుకోవాలె, ఊపిరి చిన్నగైతే బండి ఆపి కింద పండుకోబెట్టి ఊపిరి ఊదాలె. డాక్టరు దొరుకుతడని మందు లేని ఆర్‌ఎంపీ దగ్గర గంట ఆగే కన్న అది వేయి రెట్లు మేలు.

ఈ మాటలు చదివి ఇన్ని మనతోటి అయితదా అనుకునేటోళ్లకు అంటార్కిటికా సంగతి ఒకటి. 1961 ఏప్రిల్ చివర్ల నోవోలాజరెవ్‌స్కాయా అనే సోవియట్ స్టేషన్ల ఉన్న ఒకే ఒక్క డాక్టర్ లియోనిద్ రోగొజోవ్‌కు అపెండిసైటిస్ వచ్చింది, బయట మంచు తుఫాను, విమానం రాదు. తన కడుపు తానే కోసుకొని అపెండిక్స్ తీసుకున్నడు. దాన్ని అందరూ ఆయన ధైర్యం కథలెక్క చెప్తరు, నాకు మాత్రం పక్కన నిలబడ్డ ఇద్దరి మీదనే మనసు పోతది. ఒకాయన వాతావరణం చూసే ఉద్యోగి, ఒకాయన మెకానిక్. ఒకరు కత్తెరలు అందిచ్చిన్రు, ఒకరు అద్దం, లైటు పట్టుకున్నరు. మన దేశపు మైత్రి స్టేషన్ ఇప్పుడున్నది ఆ స్టేషన్‌కు కొన్ని కిలోమీటర్ల దూరంలనే. అంబులెన్సుల బ్యాగు పిసికిన ఆ నాయినను తలుచుకున్నప్పుడల్ల నాకు ఆ మెకానిక్ గుర్తొస్తడు.

దేశం మొత్తం మీద 2000 నుంచి 2019 దాక పాముకాటుతోటి చనిపోయినోళ్లు 12 లక్షల మంది అని అంచనా, ఏడాదికి సుమారు 58,000. అందుల 70 శాతం చావులు 8 రాష్ట్రాలల్లనే, తెలంగాణ కలిసున్న నాటి ఆంధ్రప్రదేశ్ ఆ 8ల ఉన్నది. 2024 మార్చిల కేంద్రం ఒక నేషనల్ యాక్షన్ ప్లాన్ తెచ్చింది, 2030 వరకు చావులు సగం తగ్గాలె అని. మందు సీసాలు పీహెచ్‌సీలకు చేరాలె, అది నడవాలె, దాని గురించి రాసేటోళ్లు మస్తుమంది ఉన్నరు. నేను అడిగేది చిన్నది. ఆశా అక్కలకు, ఊరి ఫారెస్టు వాచర్లకు, బొగత, లక్నవరం దగ్గర పనిచేసే పిల్లలకు, చేపలు పట్టే ముదిరాజ్ అన్నలకు ఊపిరి పోసుడు చేతులతోటి చేయించి నేర్పుడు. అంబు బ్యాగు ఒక్కరే వాడితే మాస్కు పక్కల నుంచి గాలి పోతది, ఇద్దరు కావాలె, ఒకరు మాస్కు, ఒకరు బ్యాగు. ఒంటరిగ ఉన్నోళ్లకు పాకెట్ మాస్కు మేలు, నోరు పెట్టి ఊదే చిన్న డబ్బా అసొంటిది, జేబుల పడుతది, పరాయి మనిషి నోట్ల నోరు పెట్టాల్నా అనే జంకు గూడ దాంతోటి పోతది. ఆ జంకు ఉన్నది, దాన్ని తిట్టి లాభం లేదు, దానికి ఉపాయం ఇయ్యాలె. పెద్దోళ్లకు 6 సెకండ్లకు ఒకసారి, పిల్లలకు 2, 3 సెకండ్లకు ఒకసారి, ఛాతి లేచేంత మట్టుకే. గట్టిగ ఊదితే గాలి కడుపులకు పోయి వాంతి అయితది, భయంతోటి అందరూ గట్టిగనే, తొందర తొందరగనే ఊదుతరు, అందుకే ముందుగాల బొమ్మ మీద చేసి ఉండాలె.

ఇంట్ల చేసుకునేది గూడ ఒకటి ఉంది, మలేరియా కోసం ఏజెన్సీల పంచిన దోమతెరలు చాలా ఇండ్లల్ల మడత పెట్టి మూలకు ఉంటయి, కొన్నిచోట్ల చేపలకు వలలైనయి. నేల మీద పండుకున్నా సరే ఆ తెర కట్టి అంచులు చాప కిందికి దోపుకుంటే కట్లపాము లోపలికి రాదు. మంచం ఉంటే ఇంకా మంచిది, తెర అంచులు కింద వేలాడొద్దు.

ఎవరినన్న ఆస్పత్రికి తీసుకొస్తున్నప్పుడు ఒక పెన్ను దగ్గర పెట్టుకోండి, కాగితం లేకపోతే పేషెంటు చేతి మీదనే రాయండి. ఎన్ని గంటలకు కుట్టింది లేదంటే ఎన్ని గంటలకు లేచి నొప్పి అన్నది, రెప్పలు ఎప్పుడు వాలినయి, ఊపిరి ఎప్పుడు ఆగింది, ఎవరు ఎప్పటి నుంచి ఊదుతున్నరు, మందు ఎన్ని సీసాలు పడ్డయి. పామును చంపి తేవద్దు, దాని వెంట పడితే ఇంకొకరిని కుడుతది, దూరం నుంచి ఫోన్ల ఫొటో దొరికితే చాలు, దొరకకపోయినా పర్వాలేదు. మేం వార్డుల ముందు చదివేది ఆ చేతి మీద రాతనే, మొదటి నిమిషంల ఏం చెయ్యాల్నో దాన్ని బట్టే తేలుతది.